నగరం తట్టుకుందంటే ఎవరు తట్టుకున్నట్టు?

కరోనా వచ్చి పోయాక ఒక మాట బాగా వాడుకలోకి వచ్చింది. టీచర్ల శిక్షణ తరగతుల్లో విన్నాం, పేపర్లలో చదివాం. "మన నగరాలు మహమ్మారిని తట్టుకున్నాయి" అని. ఇంగ్లీషులో రెసిలియెన్స్ అంటారు. దెబ్బ తిని కూడా మళ్లీ లేచి నిలబడే శక్తి అని దానికి అర్థం చెబుతారు. మంచి మాటే. కానీ వినగానే మాలాంటివాళ్లకు ఒక సందేహం వస్తుంది. ఆ సందేహాన్ని మా పిల్లల ముందు, తోటి టీచర్ల ముందు పెట్టడానికే ఈ నాలుగు మాటలు.

మేము యెరుకలోళ్లం. తట్టలు, బుట్టలు అల్లిన చేతుల మధ్య పెరిగాం. తట్ట గట్టిదయితే "ఈ తట్ట ఎంత బరువైనా ఆపుతుంది" అని సంతలో కొనేవాళ్లు మెచ్చుకుంటారు. ఆ తట్టను నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి మెడ గురించి మాత్రం ఎవరూ అడగరు. నగరం తట్టుకుంది అన్నప్పుడు మాకు ఆ మెడే గుర్తుకొస్తుంది.

ఊరికే పోలిక చెప్పి వదిలేస్తే సరిపోదు కాబట్టి మా కనిగిరి సంగతి చెప్పాలి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు నేల ఇది. వాన తక్కువ. బోరు వేస్తే నీళ్లు పడవు, పడితే ఫ్లోరైడు. పళ్లు గారపట్టిన పిల్లలు, నడుములు వంగిన పెద్దలు మా ఊళ్లలో కొత్త కాదు. మిరప, పత్తి బాగా పండే గుంటూరు వైపు కొందరు కూలికి పోతారు. అంతకంటే ఎక్కువమంది బేల్దారి పనికి హైదరాబాదు పోతారు, బెంగళూరు, మద్రాసు కూడా పోతారు. కనిగిరి, పామూరు, వెలిగండ్ల, హనుమంతునిపాడు ఏ వైపు చూసినా సంక్రాంతికి నిండి, ఆ తర్వాత ఖాళీ అయ్యే వీధులే. మాల మాదిగ పల్లెలు, యానాదుల సంఘాలు, మా గుడిసెలు, సుగాలీల తండాలు, ఆఖరికి నాలుగెకరాల మెట్ట ఉన్న రైతులు కూడా ఇదే బస్సు ఎక్కుతారు. బస్సు ఒకటే కానీ దిగిన తర్వాత దొరికే చోట్లు ఒకటి కావు. కొందరికి బంధువుల గది దొరుకుతుంది. మాకు కడుతున్న బిల్డింగు సెల్లారే ఇల్లు. సిమెంటు బస్తాలు ఒక పక్క, పొయ్యి ఒక పక్క. బిల్డింగు పూర్తయి లోపలికి జనం వచ్చే రోజున మేము బయటికి వస్తాం, ఇంకో పునాది దగ్గరికి.

2020 మార్చిలో ఏం జరిగిందో పిల్లలకు క్రమంగా తెలియాలి. ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్నవాళ్లకు అది లీలగా గుర్తు. అప్పట్లో మన రాష్ట్రంలో మొదటి కేసు నెల్లూరులో, ఇటలీ నుంచి వచ్చిన కుర్రవాడికి వచ్చింది. రెండోది మన ఒంగోలులో, లండన్ నుంచి వచ్చినవారికి. వాళ్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. రోగం ఎవరికైనా వస్తుంది. కానీ ఈ రోగం విమానంలో వచ్చింది, దాని శిక్ష కాలినడకన పోయేవాళ్ల మీద పడింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడమని అంటున్నాం.

మార్చి 24 రాత్రి ప్రకటించారు, 25 నుంచి దేశమంతా మూత. మధ్యలో నాలుగు గంటలు. నాలుగు గంటల్లో నగరంలో ఉద్యోగి ఏం చేయగలడు? సూపర్‌మార్కెట్‌కు పోయి నెలకు సరిపడా సామాను తెచ్చుకోగలడు. సెల్లారులో ఉండే బేల్దారి కూలి ఏం చేయగలడు? మేస్త్రీకి ఫోను చేయగలడు. వారం కూలి శనివారం కదా ఇచ్చేది, ఆ శనివారం ఇంకా రాలేదు.

ఆ వారంలోనే పొందుగుల దగ్గర, గరికపాడు దగ్గర జరిగింది మన జిల్లాల వాళ్లు ఎప్పటికీ మరచిపోకూడదు. హైదరాబాదులో హాస్టళ్లు మూసేస్తున్నారు, పని లేదు, సొంత ఊరికి పోవడానికి పోలీసులు పాసులు ఇస్తున్నారు అని తెలిసి వేలమంది బయలుదేరారు. చదువుకునే పిల్లలు, ప్రైవేటు ఉద్యోగులు, కూలీలు అందరూ. తెలంగాణ దాటి కృష్ణ ఒడ్డుకు వచ్చేసరికి ఇటువైపు గేటు పడింది. ఎక్కడివారు అక్కడే ఉండాలని ఇక్కడి ప్రభుత్వం చెప్పింది. వెనక్కి పోవడానికి గది లేదు, ముందుకు పోవడానికి దారి లేదు. రెండు రాష్ట్రాలూ మనవే, రెండు వైపులా తెలుగే. అయినా మధ్యలో వంతెన మీద మనిషి ఎవరివాడూ కాకుండా పోయాడు. ఎట్లాగో పొలాల గట్లమీదుగా ఊరు చేరినవాళ్లకు ఊరి మొదట్లో కంపకొట్టి అడ్డం వేసి ఉంది. ఆ కంప అడ్డం పెట్టినవాళ్లు కూడా భయపడ్డ మనుషులే. భయానికి మేము కోపగించుకోం. ఒకటి మాత్రం గమనించాం. ఆ కంప కారులో వచ్చినవాళ్లకు త్వరగా తొలిగింది.

ఈ పాసుల మాట విన్నప్పుడు మా పెద్దవాళ్లు నవ్వారు. ఎందుకు నవ్వారో చరిత్ర పుస్తకాల్లో ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో కొత్త చట్టం చేసి దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. కొన్ని కులాలనూ తెగలనూ పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. మన యెరుకలవాళ్లు అందులో ఉన్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా పుట్టిందే. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్‌మెంటు అది. సెటిల్‌మెంట్ల వాళ్లు హాజరు వేయించుకోవాలి, పాసు లేకుండా హద్దు దాటకూడదు. దాటితే జైలు. స్వాతంత్య్రం వచ్చిన ఐదేళ్లకు, 1952లో గానీ దేశమంతటా ఆ చట్టం పోలేదు. మా తాతల తరం వాళ్లకు లాక్‌డౌన్ అనే మాట తెలియదు, ఆ వస్తువు మాత్రం బాగా తెలుసు.

ఇక్కడ ఒక తేడా ఉంది. దాని చుట్టే ఈ వ్యాసం తిరుగుతోంది. అప్పుడు మమ్మల్ని లెక్కపెట్టేవారు. పేరుపేరునా, వేలిముద్రలతో సహా లెక్కపెట్టేవారు. 2020 సెప్టెంబరులో పార్లమెంటులో ఒక ప్రశ్న వచ్చింది. లాక్‌డౌనులో ఇంటికి పోతూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని. అటువంటి వివరాలు లేవని కేంద్ర ప్రభుత్వం జవాబిచ్చింది. వివరాలు లేవు కాబట్టి పరిహారం అన్న ప్రశ్న కూడా రాదని చెప్పింది. కోటీ 4 లక్షల మందికి పైగా సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లారన్న లెక్క మాత్రం ఉంది. అంటే ఎంతమంది వెళ్లారో తెలుసు, ఎంతమంది చేరలేదో తెలియదు. అనుమానించడానికి మనుషుల్ని లెక్కపెట్టగలిగిన రాజ్యం, ఆదుకోవాల్సి వచ్చినప్పుడు లెక్క తెలియదంటే దాన్ని చేతకానితనం అనాలా, ఇంకేమన్నా అనాలా? రాష్ట్రాల మధ్య తిరిగే వలస కార్మికుల కోసం 1979లోనే చట్టం చేశారు. కాంట్రాక్టరు పేర్లు నమోదు చేయాలి, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి అని అందులో ఉండేది. నలభై ఏళ్ల తర్వాత అవసరం వచ్చి ఆ రిజిస్టర్లు తెరిస్తే ఏమీ లేదు.

చనిపోయినవాళ్లలో ఇద్దరు ముగ్గురి కథలు దేశానికి తెలిశాయి. మే 8 తెల్లవారుజామున మహారాష్ట్రలో ఔరంగాబాదు దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది మీదుగా గూడ్సు బండి పోయింది. మధ్యప్రదేశ్ పోతున్న కూలీలు. వారిలో గోండులు ఉన్నారు. పట్టాల పక్కన పడి ఉన్న రొట్టెల ఫొటో మీరు చూసే ఉంటారు.

మనకు ఇంకా దగ్గరి సంగతి ఒకటి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా నుంచి పన్నెండేళ్ల ఆదివాసీ అమ్మాయి మిరప తోటల్లో కాయ కోయడానికి తెలంగాణలో ములుగు జిల్లాకు వచ్చింది. లాక్‌డౌనులో పని ఆగిపోయింది. ఏప్రిల్ 15న తన వాళ్లతో కలిసి అడవి దారిన నడక మొదలుపెట్టింది. మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకొన్ని కిలోమీటర్లు ఉందనగా 18న చనిపోయింది. ఆ పాపకు కరోనా లేదు. పరీక్ష చేస్తే రాలేదు. ఇంటికి చేరడానికి పట్టిన శ్రమ ప్రాణం తీసింది.

ఈ కథ చెప్పినప్పుడు మిరప నేల వాళ్లం ఒక నిమిషం ఆగాలి. గుంటూరు, ప్రకాశం మిరప చేలల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలు కుటుంబాలే వస్తాయి. చేల గట్లమీద పట్టాలు కప్పుకుని ఉంటారు. పిల్లలు కల్లాల్లో తాలుకాయ ఏరుతుంటారు. ఆ ఏడు గుంటూరు మిర్చి యార్డు మూతపడింది, కాయ కల్లాల్లో ఉండిపోయింది, కోసిన కూలీలు కూడా అట్లాగే ఉండిపోయారు. కాయను కోల్డ్ స్టోరేజీలకు తరలించడానికి తొందరగానే అనుమతులు వచ్చాయి. మనుషుల్ని ఊళ్లకు పంపే బస్సులు ఆ తర్వాత వచ్చాయి. చలువ గదిలో కాయకు దొరికిన చోటు మనిషికి దొరకలేదు. కనిగిరి వాడికి హైదరాబాదు ఏమవుతుందో, ఆదోని వైపు నుంచి వచ్చినవాడికి మన మిరప చేలు అదే అవుతాయి. బస్తరు పాపకు మన తెలుగు నేల అంతా ఒక నగరమే. కాబట్టి ఈ ప్రశ్నను నగరం మీదికి విసిరేసి మనం చేతులు దులుపుకోలేం. ఎక్కడైతే ఒకరి కష్టంతో ఇంకొకరు నిలబడి, ఆపద వచ్చిన రోజున ఆ ఒకరిని ఎరగనట్టు ఉంటారో అదంతా నగరమే. దానికి మునిసిపాలిటీ ఉందా, పంచాయితీ ఉందా అన్నది తర్వాతి మాట.

కొంతమంది మంచివాళ్లే ఇట్లా అంటారు. రోగానికి కులం ఉందా, డబ్బు ఉందా, అందరికీ వచ్చింది కదా, అందరూ బాధపడ్డారు కదా అని. దానికి అంకెలతో జవాబు చెప్పడమే న్యాయం. 2020 జులైలో ముంబయిలో మూడు వార్డుల్లో రక్త పరీక్షలు చేశారు. మురికివాడల్లో నూటికి 57 మందికి అప్పటికే వైరస్ సోకి పోయినట్టు తేలింది. అవే వార్డుల్లో మిగతా ఇళ్లలో నూటికి 16 మందికి. ఒకే ఊరు, ఒకే గాలి, రోడ్డుకు అటూ ఇటూ. ఇంకా వెనక్కి పోతే, 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో అదే బొంబాయిలో చావుల లెక్క కులాల వారీగా రాశారు. తక్కువ కులాలుగా రాసుకున్నవాళ్లలో వెయ్యికి 61 మందికి పైగా పోయారు. మిగిలిన హిందువుల్లో వెయ్యికి 19 మంది లోపు. యూరోపియన్లలో ఎనిమిది మంది. వంద ఏళ్లలో మందులు మారాయి, వైద్యం మారింది, ఆ నిచ్చెన అట్లాగే ఉంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. 1897లో ప్లేగు కోసం తెల్లవాళ్లు చేసిన అంటురోగాల చట్టం కిందనే 2020లో మన రాష్ట్రం కూడా కరోనా నిబంధనలు తెచ్చింది.

డబ్బున్న దేశమయితే ఇట్లా ఉండదేమో అనుకుంటాం. సింగపూరు చూడండి. శుభ్రంగా, క్రమంగా ఉండే నగరమని లోకమంతా మెచ్చుకునే ఊరు. అక్కడ బిల్డింగులు కట్టే కూలీలు మూడు లక్షల మందికి పైగా డార్మిటరీల్లో ఉంటారు. అందులో బంగ్లాదేశ్ వాళ్లు, తమిళులు, మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఒక్కో గదిలో పది, పన్నెండు మంది, ఇంకా ఎక్కువ కూడా. 2020 చివరికి ఆ డార్మిటరీల్లో ఉన్నవాళ్లలో 47 శాతం మందికి వైరస్ సోకిందని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. రోజూ బులెటిన్ ఇచ్చేటప్పుడు సమాజంలో కేసులు ఇన్ని, డార్మిటరీల్లో ఇన్ని అని విడివిడిగా చెప్పేవారు. వైద్యానికి ఆ విభజన అవసరమే కావచ్చు. కానీ ఆ ఊరిని కట్టినవాడు ఆ ఊరి సమాజంలోకి రాడని రోజూ సాయంత్రం వింటే వాడికి ఎట్లా ఉంటుంది?

"ఇంట్లోనే ఉండండి, దూరం పాటించండి, చేతులు కడుక్కోండి" అన్నారు. మంచి మాటలే, మేము కూడా బడి గోడల మీద రాయించాం. మొదటిదానికి ఇల్లు కావాలి. రెండోదానికి ఇంట్లో రెండు గదులు కావాలి. మూడోదానికి నీళ్లు కావాలి. మా ఊళ్లలో తాగే నీళ్లు క్యాను లెక్కన కొనుక్కుంటాం. పేపర్లవాళ్లు మొదట్లో సామాజిక దూరం అని రాశారు, తర్వాత ఎవరో చెబితే భౌతిక దూరం అని మార్చారు. ఆ మొదటి మాటే మాకు ఎక్కువ అర్థమయింది. దాన్ని పాటించడంలో ఈ దేశానికి చాలా అనుభవం ఉంది.

ఇంకో వాదన మా గురించే చేశారు. ఆదివాసులకు రోగనిరోధక శక్తి ఎక్కువ, అడవి గాలి, ఆకు అలములు తింటారు, వాళ్లకేం కాదు అని. వినడానికి పొగడ్తలా ఉంటుంది. మన పిల్లలు కొందరు దాన్ని గర్వంగా కూడా చెప్పుకుంటారు. 2020 ఆగస్టులో అండమాన్‌లో గ్రేట్ అండమానీ తెగవాళ్లలో పదిమందికి కరోనా వచ్చింది. ఆ తెగ మొత్తమే యాభై మందికి కాస్త పైన. పదిమందంటే ఒక జాతిలో ఆరోవంతో, ఐదోవంతో. మాకేం కాదన్న పొగడ్తను నమ్మితే ముందుగా పోయేది డాక్టరు. తర్వాత ఆస్పత్రి. ఓర్పు అన్నది వేరే దారి ఉండి కూడా భరించేవాడికి గుణం అవుతుంది. వేరే దారి లేనివాడు భరిస్తే అది వాడి పరిస్థితి. పరిస్థితిని గుణంగా మార్చి మెచ్చుకునేవాళ్ల దగ్గర మేము జాగ్రత్తగా ఉంటాం.

మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనే కురిచేడు ఉంది. జులై నెలాఖరులో అక్కడ కేసులు పెరిగి ఊరంతా కట్టడి చేశారు, మద్యం దుకాణాలు కూడా మూశారు. తాగుడికి అలవాటుపడ్డవాళ్లు శానిటైజరు తాగారు. పదిమందికి పైగా పోయారు. బిచ్చం ఎత్తుకునేవాళ్లు, రెక్కలమీద బతికేవాళ్లు వారిలో ఉన్నారు. తాగుబోతుల చావు అని చాలామంది తేలిగ్గా అనేశారు. వైరస్ నుంచి కాపాడడానికి ఇంటింటికీ వచ్చిన సీసాయే వాళ్లను చంపింది. ఆ చావులు కరోనా లెక్కలోకి రావు. రానక్కరలేదని చట్టం ప్రకారం చెప్పవచ్చు. న్యాయం ప్రకారం చెప్పగలమా? తాగుడు ఒక జబ్బు అని పాఠం చెబుతాం. జబ్బయితే, దుకాణం మూసిన రోజున ఆ జబ్బు మనిషికి మందు ఎవరు ఇవ్వాలి? ఈ ప్రశ్న మీద టీచర్లు పదో తరగతి పిల్లలతో ఒక పీరియడ్ అంతా మాట్లాడించవచ్చు. మేము మాట్లాడించాం. ఒక అమ్మాయి లేచి, "మా నాన్న తాగితే మా అమ్మను కొడతాడు సార్, అయినా చచ్చిపోవాలని మేమెప్పుడూ అనుకోలేదు" అన్నది. తరగతి అంతా కాసేపు మాట్లాడలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేము అనడం లేదు. అట్లా అంటే అబద్ధం. మన రాష్ట్రంలో కార్డుకు వెయ్యి రూపాయలు ఏప్రిల్ మొదట్లో ఇంటికే తెచ్చి ఇచ్చారు. బియ్యం ఉచితంగా ఇచ్చారు. తెలంగాణలో కార్డు లేని వలస కూలీకి కూడా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామన్నారు, ఇచ్చారు. హైదరాబాదులో ఐదు రూపాయల అన్నపూర్ణ భోజనం ఆ రోజుల్లో ఊరికే పెట్టారు. మే ఒకటిన దేశంలోనే మొదటి శ్రామిక రైలు లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు 1,200 మందితో కదిలింది. దానికి రెండు రోజుల ముందు సంగారెడ్డి జిల్లా కందిలో కూలీలు ఆందోళన చేశారన్నది కూడా నిజమే. అడగకపోతే ఆ రైలు ఎప్పుడు కదిలేదో చెప్పలేం.

అన్నం పెట్టిన చేతిని తక్కువ చేయం. కానీ అన్నం ఏ పేరుతో పెట్టారన్నది ముఖ్యం. దానంగా పెట్టారా, బాకీగా పెట్టారా? 1996 చట్టం ప్రకారం అప్పట్లో బిల్డింగు కట్టేవాడు ఖర్చులో ఒక శాతం కార్మికుల సంక్షేమ నిధికి కట్టాల్సి ఉండేది. అట్లా దేశం మొత్తం మీద 52,000 కోట్ల దాకా పోగయిందని, అందులోంచి కూలీలకు ఇవ్వమని లాక్‌డౌను మొదలయ్యేటప్పుడు కేంద్రమే రాష్ట్రాలకు చెప్పింది. చూశారా, డబ్బు ఉంది. మా చెమట మీద వసూలు చేసిన డబ్బే. అది రావాలంటే పేరు నమోదయి ఉండాలి. నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు కాగితం కావాలి. ఆ కాగితం ఎవరివ్వాలి? మూడు నెలలకొక మేస్త్రీ మారేవాడికి, కార్డు ఒక రాష్ట్రంలో, పని ఇంకో రాష్ట్రంలో ఉన్నవాడికి ఎవరిస్తారు? హక్కుగా రావలసింది కాగితం దగ్గర ఆగిపోయింది. అందుకే క్యూలో నిలబడి పొట్లం తీసుకోవలసి వచ్చింది. పొట్లం ఇచ్చినవాడికి దండం పెట్టాం. పెట్టాలి కూడా. బాకీ ఉన్నవాడు ఎక్కడున్నాడో తెలియలేదు.

నగరం నిజంగా తట్టుకున్న చోటు ఒకటి ఉంది. ముంబయిలో ధారావి. రెండున్నర చదరపు కిలోమీటర్ల లోపు చోటులో ఎనిమిది, పది లక్షల మంది ఉంటారు. నూటికి ఎనభై మంది వీధి మరుగుదొడ్లే వాడతారు. ఏప్రిల్ ఒకటిన మొదటి కేసు వచ్చినప్పుడు ఇక అంతే అనుకున్నారు. జులై కల్లా ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మెచ్చుకుంది. ఏం చేశారు? కేసులు వచ్చేదాకా ఆగకుండా ఇల్లిల్లూ తిరిగి జ్వరం చూశారు. వీధి డాక్టర్లను కలుపుకున్నారు. బడులను, కల్యాణ మండపాలను విడిగా ఉంచే చోట్లుగా మార్చారు. మరుగుదొడ్లు రోజుకు చాలాసార్లు కడిగారు. మూసిన వీధుల్లో అన్నం పంపారు. ఇందులో మాయ లేదు. పేదవాడి ఒంట్లో ఏదో శక్తి ఉందని వదిలేయకుండా, వాడి గడప దగ్గరికి పోయారు. అట్లా కడిగినవాళ్లు, మోసినవాళ్లు ఏ కులాలవాళ్లో వేరే చెప్పక్కరలేదు. అప్పటికే చాలామంది ఇళ్లు వదిలి సొంత ఊళ్లకు పోయారన్నది కూడా మరచిపోకూడదు. ధారావి బరువు కొంత బీహారు, ఉత్తరప్రదేశ్ పల్లెలు మోశాయి.

మా వాదన అంతా ఇక్కడికే వస్తోంది. నగరం తన ఆపదకాలపు ఖర్చును పల్లెలకు పంపింది. వానలు ఉన్నా లేకపోయినా ఆ పల్లెలు తీసుకున్నాయి. 2020 వేసవిలో మా మండలాల్లో ఉపాధి హామీ పనికి వచ్చినవాళ్లను చూస్తే తెలిసేది. హైదరాబాదులో టైల్స్ వేసే పనివాడు, ఏసీలు బిగించే కుర్రవాడు చెరువులో మట్టి తీస్తున్నాడు. రోజుకు 237 రూపాయలు, అదీ కొలతలు సరిపోతే. ఆ డబ్బు, ఆ బియ్యం, అమ్మానాన్నల పాత గుడిసె, అప్పు ఇచ్చిన కొట్టువాడు, ఇవన్నీ కలిపి నగరానికి పనివాళ్లను ఆరు నెలలు బతికించి దాచి ఉంచాయి. వానాకాలం పోయేసరికి మేస్త్రీల ఫోన్లు మొదలయ్యాయి. అడ్వాన్సు పంపుతాం, బండి పంపుతాం, రండి అని. కొందరు కాంట్రాక్టర్లు దూర రాష్ట్రాల కూలీలకు విమానం టికెట్లు కూడా కొన్నారని పేపర్లలో చదివాం. మార్చిలో దొరకని బస్సు అప్పుడు ఎట్లా దొరికింది?

అయితే పల్లెకు తిరిగి రండి, నగరం మోసం అని మేము చెప్పబోవడం లేదు. అట్లా చెప్పేవాళ్లు ఉన్నారు, ఎక్కువగా నగరంలో ఫ్లాట్లు ఉన్నవాళ్లే చెబుతారు. అంబేడ్కర్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలో పల్లెను గొప్పగా చెప్పేవాళ్లను గట్టిగా ప్రశ్నించాడు. పల్లె అంటే ఇరుకు మనసుల గూడు అన్న అర్థంలో మాట్లాడాడు. కంప అడ్డం వేసిన ఆ మార్చిలో ఆయన మాట ఇంకోసారి నిజమయింది. పైగా మేము మైదానపు గిరిజనులం. ఏజెన్సీలో ఉన్న తోటి ఆదివాసులకు కాగితం మీదనైనా ఐదో షెడ్యూలు ఉంది, భూమి చట్టం ఉంది. రాష్ట్రంలో సంఖ్యలో పెద్ద తెగల్లో ఒకటైన యానాదులకు, మా యెరుకలకు, సుగాలీలకు ఇక్కడ ఆ రక్షణ లేదు. వదిలి రావడానికి మాకు అడవి కూడా లేదు. పల్లెలో కులం ఉంది, నగరంలో కూలి ఉంది. కూలి ఉన్న చోటికే పిల్లలు పోతారు, పోవాలి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పోండి. పోయేది అతిథులుగా కాదు, సొంతదారులుగా అన్న స్పృహతో పోండి. కేరళలో వలస కార్మికులను అతిథి కార్మికులు అని పిలిచి శిబిరాలు పెట్టి బాగానే చూసుకున్నారు. మంచి మర్యాదే. కానీ అతిథి ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోవలసినవాడు.

కార్డు సంగతి మళ్లీ చెబుతున్నాం, విసుక్కోవద్దు. ఇప్పుడు ఏ రాష్ట్రంలోనైనా రేషను తీసుకునే ఏర్పాటు ఉంది. ఆంధ్ర, తెలంగాణల మధ్య అది 2019 ఆగస్టులోనే మొదలయింది. అయినా లాక్‌డౌనులో మనవాళ్లు చాలామందికి ఆ సంగతే తెలియదు. 2021 ఆగస్టు నుంచి ఈ-శ్రమ్ కార్డు ఇస్తున్నారు. బిల్డింగు కార్మికుల బోర్డు కార్డు వేరే. ఈ మూడూ వేరువేరని, ఒకటి ఉంటే మిగతావి ఉన్నట్టు కాదని పిల్లలకు తెలిసేలా చెప్పాలి. కార్డులతో న్యాయం వస్తుందన్న భ్రమ మాకు లేదు. లెక్కలో లేకపోతే ఏం జరుగుతుందో మాత్రం చూశాం.

టీచర్లకు చెప్పుకోవలసింది ఇంకొకటి. ఆ ఏడు దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతికి విద్యామృతం పాఠాలు వచ్చాయి. పాఠాలు బాగానే ఉన్నాయి. టీవీ ఉన్న ఇంటి కిటికీ దగ్గర నిలబడి చూసిన పిల్లలు మాకు తెలుసు. జూన్‌లో పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు. నవంబరు 2న పెద్ద తరగతులకు బడి తెరిచేసరికి కొందరు రాలేదు. మగపిల్లలు బేల్దారి పనికి పోయారు, ఆడపిల్లలు కొందరికి పెళ్లిళ్లయ్యాయి. హాజరు పట్టీలో వాళ్ల పేర్ల ఎదురుగా ఎర్ర సిరాతో 'వలస' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాం. రాయవలసిన గడి అంతే ఉంటుంది మరి. ఇప్పుడు మా బడిలో ఆ గడి పక్కన ఇంకో నోటు పుస్తకం పెట్టాం. పిల్లవాడు ఏ ఊరు పోయాడు, ఏ అడ్డా దగ్గర ఉంటారు, మేస్త్రీ పేరేమిటి, ఎవరి ఫోను నంబరు కలుస్తుంది, చిన్న తమ్ముడో చెల్లెలో వెంట ఉన్నారా, ఇవన్నీ అందులో రాస్తున్నాం. వెళ్లే ముందు తల్లిదండ్రులు వచ్చి చెప్పి పోతున్నారు. మొదట్లో భయపడ్డారు, ఎందుకు రాసుకుంటున్నారు సార్ అని. పోలీసులకు ఇస్తారేమోనని ఒక ముసలామె గట్టిగానే అడిగింది. ఇది మన దగ్గరే ఉంటుందమ్మా, ఆపద వస్తే వెతకడానికి అని చెప్పాం. ఆమె కాసేపు ఆలోచించి కొడుకు నంబరు చెప్పింది, తర్వాత కోడలి నంబరు కూడా రాసుకోమంది.